మంచివి అని రాసిన డబ్బా

ఆయనకి అరంగుళం అనే పేరు ఊళ్ళోవాళ్ళు పెట్టారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆస్పత్రి రిజిస్టరులో క్షేమంగానే ఉండి ఉంటుంది. దాని జోలికి ఎవరూ పోలేదు. వృత్తి దర్జీ. నలభై ఏళ్ళలో ఆయన కుట్టిన ప్రతి చొక్కాకీ, ప్రతి పంట్లాముకీ కుట్టు లోపల అరంగుళం గుడ్డ అదనంగా వదిలాడు. "ఎందుకు దండగ?" అని అడిగితే, "ఇవాళ్టి ఒళ్ళు రేపు ఉండదు కదా నాయనా" అనేవాడు. ఇందులో వేదాంతమేమీ లేదు. రేపు లావెక్కితే విప్పి వదులు చెయ్యడానికన్నమాట. కానీ ఆయన చెప్పే తీరుకి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కాసేపు జీవితం గురించి ఆలోచించుకుని, ఆ తర్వాతే చేతులు పైకెత్తేవారు.

దుకాణమంటే ఇంటి ముందుగదే. కిటికీ కింద కాలిమిషను, గోడ పొడుగునా మేకులకి వేలాడే కాగితపు కత్తిరింపులు, బల్ల మీద ఒక మూల నల్లగా కాలిన ఇస్త్రీపెట్టె ముద్ర. వెనక తలుపు తీస్తే పెరడు, పెరడు దాటితే పావు ఎకరం తేలిక నేల. ముందు తలుపు ఆయన రాజ్యం, వెనక తలుపు ఆయన భార్యది. మధ్యలో వంటిల్లు ఉమ్మడి ఆస్తి కాబట్టి యుద్ధాలన్నీ అక్కడే జరిగేవి.

ఆవిడ ఆ పావు ఎకరంలో నల్లనువ్వులు పండించేది. నువ్వు పంటని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పెద్దగా నీళ్ళడగదు, ఎరువడగదు, మూడు నెలల్లో చేతికొస్తుంది. అంత మంచిదానికి ఒక్క మొండితనమైనా ఉండాలి కదా. నువ్వుకి రెండున్నాయి. కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే రెండు రోజుల్లో తలవాల్చేస్తుంది. పండిన కాయని ఒక్కరోజు ఎక్కువ ఉంచితే, అదే నోరు తెరుచుకుని ఉన్నదంతా నేల మీద పోసేస్తుంది. అందుకని కోతరోజు తేల్చడమే అసలు విద్య. ఆవిడ కిందికాయ ఒకటి తుంపి, నడిమికాయ ఒకటి చీల్చి, పైకాయ ఒకటి కొరికి, "ఎల్లుండి" అనేది. చుట్టుపక్కల నువ్వులేసిన వాళ్ళందరూ ఎల్లుండే కోసేవాళ్ళు.

ఆవిడ విత్తనం బజారుది కాదు, అత్తగారిచ్చింది. అత్తగారు ఈ కోడలికి నమ్మి అప్పగించినవి రెండే: నువ్వుల విత్తనం, కొడుకు. మొదటిదాన్ని ఆవిడ ఏటేటా బాగుచేసుకుంటూ వచ్చింది. మోకాలి కిందనుంచే కాయపట్టిన మొక్కలని చేలో ముందే గుర్తుపెట్టుకుని, వాటి గింజ మాత్రమే విడిగా తీసి, బూడిద కలిపి డబ్బాలో పోసేది. ముప్పైనాలుగేళ్ళు ఇలా చేసేసరికి ఆ నువ్వు ఇంకెవరి దగ్గరా లేని నువ్వయింది: గింజ చిన్నది, పొట్టు పల్చన, గానుగలో వేస్తే నూనె వాసన పక్కవీధి దాకా పోయేది. మిగతా రైతులు ఎప్పుడో పాకెట్ విత్తనాలకి మారారు. ఇక అత్తగారిచ్చిన రెండోదానిని బాగుచేసే ప్రయత్నం ఇంకా సాగుతోంది.

ఆ రెండోవాడికి మోకాళ్ళనొప్పి వచ్చింది. నలభై ఏళ్ళు మిషను తొక్కిన మోకాళ్ళకి ఆ మాత్రం హక్కుంది. ఆరోగ్యకేంద్రానికి వెళ్తే అక్కడి నర్సు మాత్రలిచ్చి, గోడ మీది పట్టిక చూపించింది.

"నువ్వులు తినండి బాబాయ్. మీ ఇంట్లో పంటేగా."

"ఎంత?"

"రోజుకి రెండు చెంచాలు. పొట్టు తియ్యకండి, కాల్షియం చాలామటుకు పొట్టులోనే ఉంటుంది. దోరగా వేయించి పొడి కొట్టుకోండి. గింజని గింజలాగే మింగితే అది వచ్చినదారినే పోతుంది."

"ఇంకా ఏముంటుందమ్మా ఇందులో?"

ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే ఈ కథ లేదు. నర్సు పాపం ఓపిగ్గా చెప్పింది. గింజ బరువులో సగం దాకా నూనె. అయిదోవంతుకి కొంచెం తక్కువ మాంసకృత్తులు. ఇనుముంది, మెగ్నీషియముంది, రాగి ఉంది. నూనె తొందరగా కంపుకొట్టకుండా కాపాడే పదార్థాలు కూడా ఆ గింజలోనే ఉన్నాయి.

"మోకాలినొప్పి పోతుందని మాత్రం నేననలేదు. ఎముకకి మంచిదన్నా, అంతే," అని కూడా చెప్పింది. అప్పటికి ఆయన గుమ్మం దాటేశాడు.

మర్నాటినుంచి దుకాణంలో కొలతలతోపాటు ఉపన్యాసం ఉచితం. ఛాతీ కొలిచేటప్పుడు కాల్షియం, నడుం కొలిచేటప్పుడు నూనె, కాలి పొడుగు తీసేటప్పుడు మాంసకృత్తులు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులుంటారు. ఈయన నోట్లో ఏ వేళప్పుడైనా గుప్పెడు నువ్వులుండేవి, ఒక్కటీ నానేది కాదు.

రెండు చెంచాలన్న లెక్కని ఆయన తప్పలేదు. కాకపోతే చెంచా మీద అరంగుళం ఎత్తు గోపురం ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లో ఆవిడ అక్కకి కంటి ఆపరేషనయింది. తోడుగా నెలరోజులుండి వస్తానని ఆవిడ వెళ్ళింది. వెళ్తూ గ్యాసు గురించి, పాల గురించి, పెరటి తలుపు గడియ గురించి చెప్పింది. డబ్బాల గురించి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరముందని ఏ రైతుకి తోస్తుంది?

వంటింట్లో నువ్వుల డబ్బాలు రెండు. కిందిఅరలో ఉన్నదాని మీద ఏమీ రాసిలేదు. అది ఆవిడ వెళ్ళిన మూడోరోజుకే ఖాళీ అయింది. పైఅరలో ఉన్నదాని మీద, కాగితం ముక్క అంటించి, ఆవిడ చేత్తో "మంచివి" అని రాసి ఉంది.

పైఅర అందుకోవడానికి స్టూలెక్కి నుంచుని అరంగుళం చేసిన ఆలోచనలో లోపమేమీ లేదని ఒప్పుకుని తీరాలి. దర్జీ ధర్మంలో మంచిగుడ్డ ఒంటి మీదకి పోతుంది. తునకలు ఇంట్లో మిగుల్తాయి. కాబట్టి మంచివి అంటే తినేవే. భర్త మోకాళ్ళ కోసం పెళ్ళాం ఏరి, పైన దాచి, చీటీ కూడా రాసిపెట్టిందని ఆయన కళ్ళు చెమర్చాయి. రైతు ధర్మం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుందని, మంచివి మట్టిలోకి పోయి, తాలూతప్పా నోట్లోకి వస్తాయని ఆయనకి తట్టలేదు. ముప్పైనాలుగేళ్ళు ఒకే వంటింట్లో తిన్న మనిషికి తట్టకపోవడం వింతే గాని, మనం తినే కంచం వెనక ఏముందో మనలో ఎంతమంది చూశాం?

గింజల్లో బూడిద కనిపించింది. పురుగు పట్టకుండా కలిపింది కాబోలు, ఎంత శ్రద్ధ అనుకుని, జల్లెడ పట్టాడు. నర్సు వేయించమంది గాని, వేయించాలంటే పొయ్యి దగ్గర నుంచోవాలి. అందుకని పచ్చివే పనిచొక్కా జేబుల్లో పోసుకుని, మిషను తొక్కుతూ నముల్తూ, నెల తిరిగేసరికి విజయవంతంగా అడుగు చూశాడు.

ఆవిడని బస్టాండునుంచి తీసుకొచ్చినవాడు ఆవిడ తమ్ముడు, ఆటో నడుపుతాడు. నేల తడి ఆరకముందే విత్తాలని, చేతిసంచీ కింద పెట్టీపెట్టకుండానే ఆవిడ స్టూలెక్కింది.

"ఏవండీ, డబ్బా ఇంత తేలిగ్గా ఉందేం?"

"అయిపోయాయి," అన్నాడు అరంగుళం ముందుగదిలోంచి, సంతోషంగా. "ఒక్క గింజ వదల్లేదు. చాలా బాగున్నాయి."

తమ్ముడు వంటింట్లోకి తొంగిచూసి, ముందుగదిలోకి వచ్చి, బావ ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు.

"బావా, నువ్వు తిన్నది ఏంటో తెలుసా?"

"నువ్వులు."

"ఈ ఏటి పంట. ఆ పై ఏటి పంట. మీ అమ్మ దగ్గర్నుంచీ వస్తున్న విత్తనం. కంచే చేను మేసిందంటారే, అదెలా ఉంటుందో ఇవాళ చూశా. కంచె టేపు మెళ్ళో వేసుకుని మరీ మేసింది."

"మంచివి అని రాసుంది కదరా."

"మంచివి కాబట్టే విత్తనం."

అరంగుళం మిషను మీంచి లేచాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిట్టలేదు. తిట్టే మనిషి తిట్టకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు.

"పాకెట్ విత్తనాలు తెస్తాలేవే అక్కా," అన్నాడు తమ్ముడు.

"తే. చేను ఖాళీగా ఉంచలేం కదా," అంది ఆవిడ. డబ్బా మూత బిగిస్తూ, "అవి మొలుస్తాయి. ఇవి ఇంకెక్కడా దొరకవు," అంది.

అరంగుళం డబ్బా తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. తెల్లగుడ్డ బల్ల మీద పరిచాడు. కళ్ళజోడు పెట్టుకుని, సన్నసూది తీసి, డబ్బా అడుగున రేకు మడిచిన సందులో గుచ్చి తిప్పాడు. ఒక నల్లగింజ గుడ్డ మీద పడింది. తర్వాత ఇంకోటి. ఆ సందులో పంతొమ్మిది దొరికాయి. జల్లెడ కళ్ళల్లో ముప్పైనాలుగు. ఆపైన ఆయన తన పనిచొక్కా విప్పి, జేబులు తిరగేశాడు.

ఆ పనిచొక్కా గురించి రెండు మాటలు చెప్పాలి. గుండుసూదులు, సుద్దముక్కలు ఉంటాయనే నెపంతో ఆయన దాన్ని ఉతకనిచ్చేవాడు కాదు. ఈ విషయమై సంసారంలో పదేళ్ళుగా గొడవ. పైగా ఆ చొక్కా తనే కుట్టుకున్నాడు కాబట్టి, నాలుగు జేబులకీ లోపల అరంగుళం మడత ఉంది. ఆ మడతల్లో, సుద్దపొడిలో, దారప్పోగుల్లో, ఎనభైఎనిమిది గింజలు నెలరోజులుగా హాయిగా నిద్రపోతున్నాయి. ఉతికి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు. వేయించి ఉంటే ఒక్కటీ మొలిచేది కాదు. మనిషి బద్ధకం ఒక జాతిని కాపాడిన సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

"నూట నలభైఒకటి," అన్నాడు, వంటింట్లోకి వచ్చి, గుడ్డని పసిబిడ్డలా రెండు చేతుల మీద పట్టుకుని.

ఆవిడ ఒక్కొక్క గింజనీ చూసింది. "సుద్ద వాసనొస్తున్నాయి," అంది. అది ఆ రోజు ఆవిడ మాట్లాడిన చివరిమాట గాని, అందులో తిట్టుకి మొదలు కనిపించి ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది.

మామూలుగా నువ్వులని విత్తేటప్పుడు గింజకి మూడింతలు ఇసక కలిపి చల్లుతారు. గింజ మరీ చిన్నది, ఒట్టిది చల్లితే ఒకచోట కుప్ప, ఒకచోట బోడి. మొలిచాక రెండు వారాలకి ఒత్తుగా ఉన్నవి పీకేస్తారు. ఈసారి పీకడానికి మనసెవరికి వస్తుంది? అందుకని పెరటికి దగ్గరగా, వాలుగా ఉన్న మూలన ఒక మడి చేసి, మిగతా చేలో మాత్రం పాకెట్ విత్తనం చల్లారు. మడిలో అరంగుళం టేపు పరిచాడు. వరసకీ వరసకీ అడుగు, మొక్కకీ మొక్కకీ ఆరంగుళాలు. సూదిమొనతో గింజ ఎత్తి ఒక్కో గుంటలో పెట్టాడు.

"లోతెంత?" అని మొదటి గుంట తీసేముందు అడిగాడు.

"వేలి గోరు మునిగేంత."

"అంటే అరంగుళం," అన్నాడాయన, జీవితంలో మొదటిసారి వ్యవసాయం తనకి అర్థమైనట్టుగా.

తొంభైఆరు మొలిచాయి. పన్నెండింటిని పురుగూ, పిచికా, ఒక పక్కింటి మేకా పంచుకున్నాయి. మేక వచ్చిన రోజునుంచి ఆయన మిషను వెనకవరండాలోకి మారింది. కొలతలకి వచ్చేవాళ్ళు ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి రావాల్సివచ్చేది. వానొచ్చినప్పుడల్లా పార తీసుకుని మడి చుట్టూ కాలవ చేసేవాడు. పొద్దున్నే ఒక్కోమొక్క ఎత్తు కొలిచి, కాగితం మీద రాసేవాడు. మొక్కలు నడుమెత్తు పెరిగి, గులాబీరంగు కలిసిన తెల్లని గంటపూలు పూశాయి. తేనెటీగలొచ్చాయి. అన్నిటికీ కాకపోయినా చాలావాటికి మోకాలి కిందనుంచే కాయ పట్టింది.

ఆవిడ మాట్లాడడం మొదలుపెట్టింది. "ఆ పార పట్టుకునే తీరు చూడు, ఇస్త్రీ చేస్తున్నట్టు," లాంటి మాటలు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

చిక్కు కోతకి ముందొచ్చింది. నువ్వుమొక్క కిందనుంచి పైకి పండుతుంది. కిందికాయ పసుపురంగుకి తిరిగేనాటికి కొసన ఇంకా పువ్వే ఉంటుంది. చేనంతా ఉన్నప్పుడు కింద కాస్త రాలినా, పైన కాస్త తాలుపోయినా, మధ్యలో ఒకరోజు చూసి కోసేస్తారు. ఎనభైనాలుగే మొక్కలున్నప్పుడు ఆ కాస్తే లెక్క. ఆవిడ రోజూ కాయ కొరికి చూసి, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చేది. ముప్పైనాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడకి "ఎల్లుండి" అనడానికి నోరు రాలేదు.

ఆ ఎల్లుండిని తమ్ముడి రేడియో చెప్పింది.

"అక్కా, ఎల్లుండి పొద్దున్నుంచి పెద్దగాలి అంట. వాన లేదు, ఒట్టిగాలి."

"ఇవాళ కోస్తే పైసగం తాలు," అంది ఆవిడ. "కొయ్యకపోతే కిందసగం గాల్లోకి. ఏది పోగొట్టుకోవాలో మీరే చెప్పండి, తిన్నవారు."

అరంగుళం మడి చివర నుంచుని మొక్కలకేసి చూస్తున్నాడు. ఆకు రాలిపోయి, నిటారుగా, కణుపు కణుపుకీ కాయలతో ఒక్కొక్క కాడ నిలబడి ఉంది. ఆయన జేబులోంచి టేపు తీసి, ఒక మొక్క చుట్టుకొలత తీశాడు. తర్వాత పొడుగు.

"ఏంటి బావా, చొక్కా కుడతావా?"

"చొక్కా అక్కర్లేదు. చెయ్యి చాలు."

నువ్వుకాడ అంటే చెయ్యే కదా. భుజం వైపు మూసి కుట్టి, పైనుంచి తొడిగి, కింద మణికట్టు దగ్గర బిగించి కట్టేస్తే, కాయ నోరు తెరిచినా గింజ చేతిలోనే ఉంటుంది. పైకాయ పండడానికి ఇంకో నాలుగురోజులు దొరుకుతాయి.

మొదటి చెయ్యి గంటలో తయారైంది: మందపాటి ఖాకీగుడ్డ, కఫ్ఫు, రెండు గుండీలు, లోపల అరంగుళం. ఆవిడ తొడిగి చూసి, తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది తొడిగితే చెమట పట్టి కాయ బూజెక్కుతుంది. గాలాడాలి. గుండీలెందుకు, ఆఫీసుకెళ్తుందా?"

"కఫ్ఫు లేకపోతే చెయ్యి అనరు."

"దాన్ని ఎవరూ ఏమీ అనరు. తాడు కట్టండి."

పల్చటి లైనింగుగుడ్డ ఉంది. స్కూలు యూనిఫారాలకని తెచ్చిన తాను. ఎనభైనాలుగు చేతులంటే నలభైఇద్దరు మనుషుల పని, ఒకటిన్నర రోజు గడువు. ఆయన కుట్టాడు, ఆవిడ కత్తిరించింది, తమ్ముడు ఆటో వీధిలో వదిలేసి కర్రలు పాతి మొక్కలని వాటికి కట్టాడు. మధ్యలో బ్యాంకు గుమాస్తా ఒకాయన పంట్లాము కోసం ఇల్లు చుట్టి పెరట్లోకి వచ్చాడు.

"నా పంట్లాము ఇవాళ ఇస్తానన్నారు."

"ఇవాళ అందరికీ చేతులే సార్. కాళ్ళు గాలి తగ్గాక."

గుమాస్తా చేలోకి చూశాడు. ముప్పైదాకా తెల్లచేతులు నేలలోంచి పైకి లేచి ఉన్నాయి. ఆయన బ్యాంకులో ఎన్నో చూసిన మనిషి, కానీ ఇలాంటి ఏకగ్రీవం చూడలేదు.

"దేనికి ఓటేస్తున్నాయి?" అని అడిగాడు.

"విత్తనానికి," అంది ఆవిడ. "ఊరికే నుంచున్నారు గదా బాబూ, ఆ తాడు ముక్కలు చెయ్యండి."

ఆయన సంచీ కిందపెట్టి, సాయంత్రం దాకా తాడు ముక్కలు చేశాడు.

గాలి చెప్పిన టైముకే వచ్చింది. రోజంతా వీచింది. పాకెట్ విత్తనం చేను ముందురోజే కూలీలు కోసి పెరట్లో గోడవార నిలబెట్టారు కాబట్టి దాని బాధ లేదు. మడిలో మాత్రం ఎనభైనాలుగు చేతులు ఒకేవైపుకి ఊగి, లేచి, మళ్ళీ ఊగాయి. ఆయన వరండాలో మిషను ముందు కూర్చుని, దారం లేని మిషను తొక్కాడు. ఆవిడ పక్కనే స్తంభానికి ఆనుకుని నుంచుంది.

"ఊడతాయా?" అంది.

"పెళ్ళికొడుకుల చొక్కాలు కూడా ఇంత గట్టిగా కుట్టలేదు."

"పెళ్ళికొడుకులు ఇంతలా ఊగరు."

ఒక్కటీ ఊడలేదు. గాలి తగ్గాక నాలుగోరోజున ఆవిడ మడిలోకి వెళ్ళి, పైకాయ కొరికి, వెనక్కి తిరిగి, "ఇవాళ," అంది.

కింద దుప్పటి పరిచి ఒక్కొక్క తాడూ విప్పారు. ప్రతి చెయ్యి అడుగునా చెంచాడు బరువు దిగి ఉంది. విప్పగానే నల్లగా, సన్నగా, చప్పుడు చేస్తూ జారింది. కాడలని కట్టకట్టి అయిదురోజులెండబెట్టి, తలకిందులుగా పట్టి దులిపితే ఇంకాస్త రాలింది. అంతా కలిపి ముప్పావు కిలో. పావు ఎకరానికి సరిపోగా గుప్పెడు మిగుల్తుంది.

అరంగుళం మోకాలినొప్పి చాలావరకు తగ్గింది. నువ్వులు తినడం వల్లా, మూడునెలలు పార పట్టుకుని తిరగడం వల్లా అన్నది నర్సు తేల్చలేకపోయింది. ఇప్పుడాయన పాకెట్ రకం గింజలు, వేయించి, పొడికొట్టి, చెంచా మీద గోపురం లేకుండా తింటున్నాడు. మిగిలిన ఆ ఒక్క గుప్పెడూ ఆవిడే వేయించి పెట్టింది. "మీ అమ్మవి. పండించినవారు కదా, తినండి," అంది. నమలడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

ఇక విత్తనం. డబ్బా వద్దనుకున్నారు. ఆయనే ఒక మందపాటి గుడ్డసంచీ కుట్టిచ్చాడు. బూడిద కలిపి పోశాక, మూతి కుట్టడానికి సూది తీస్తే, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు కుడితే మీరే విప్పి మళ్ళీ అలాగే కుట్టగలరు."

సూది ఆవిడే తీసుకుంది. జీవితంలో సూది పట్టని మనిషి. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి, రెండు ఎటో వెళ్ళి తిరిగొచ్చాయి, చివర ముడి ఉండాల్సినచోట మూడు ముళ్ళున్నాయి. సంచీ పైఅర ఎక్కింది. దాని మీద ఏమీ రాయలేదు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు వచ్చేసరికి బావ ముందుగదిలో బల్ల మీద వంగి ఉన్నాడు. ఎదురుగా తునకగుడ్డలు పది, వాటి మీద రకరకాల వంకర కుట్లు.

"ఏం చేస్తున్నావు బావా?"

"విప్పాలని కాదురా. ఊరికే, వస్తుందేమోనని." అరంగుళం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నలభై ఏళ్ళ సర్వీసు. అంత వంకరగా కుట్టడం నా వల్ల కావట్లేదు."

వంటింట్లో ఆవిడ విని, విననట్టే, పైఅర కిందనుంచి స్టూలు తీసి మూల పెట్టింది.